కడుపు మీద ఒట్టు

ఈ బస్సు కదిలేదెప్పుడు, గుడియాత్తం చేరేదెప్పుడు! ఇంజను గుడగుడమని ఒకటే ఊగిపోతోంది, కిటికీ అద్దాలు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి, డ్రైవరు సీట్లో ఒక తువ్వాలు తప్ప మనిషి లేడు, కండక్టరేమో కింద టీగ్లాసు పట్టుకుని 'పళ్ళికొండ, గుడియాత్తం, గుడియాత్తం' అని వేలూరు బస్టాండంతా వినబడేట్టు అరుస్తున్నాడు. అరిచింది చాల్లేవయ్యా, ఎక్కవయ్యా, అని మహతి మనసులోనే మొత్తుకుంది. చేతిలో ఫోను ఇంకా వెచ్చగా ఉంది. ఇప్పుడే కదా చిత్ర మాట్లాడి పెట్టేసింది. వెనకాల ఆడవాళ్ళ నవ్వులు, గిన్నెల చప్పుడు, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు, వాటి మధ్య చిత్ర గొంతు: "యాడుండావు పాపా? జనమంతా వచ్చేస్తా ఉండారు. నువ్వు రాకుండా నేను పీట మీద కూర్చోనంటే కూర్చోను." నవ్వింది కూడా. తర్వాత ఏ గది మూలకో నడిచినట్టుంది, చప్పుళ్ళు తగ్గాయి, గొంతూ తగ్గింది. "తలకాయ పగిలిపోతా ఉండాది. నిన్న చెప్తిని చూడు, కండ్ల ముందర మినుకు మినుకుమంటాదని, అది ఈ పొద్దు ఇంకా జాస్తి అయిపాయ. రొమ్ము కింద ఎవురో పిడికిలితో గుద్దినట్టు నొప్పి. ఎవురికీ చెప్పొద్దు, ఏం? ఒట్టు పెట్టుండావు." పెట్టింది. చిత్ర తొమ్మిదో నెల కడుపు మీద అరచెయ్యి ఆనించి మరీ పెట్టింది మహతి.

తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, రొమ్ము కింద నొప్పి. ఈ మూడూ ఒక్కచోట చేరితే ఇంట్లో నిమిషం ఉండకూడదని ఆసుపత్రి వ్యానులో వచ్చే గోమతి సిస్టర్ చెప్పింది కదా, మొన్న మేల్పాడిలో రేకుల షెడ్డు కింద, కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరినీ చాప మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ తన ఒంటి మీద వేలు పెట్టి చూపిస్తూ. తమిళంలో చెప్పింది, మహతికి సగమే అర్థమైంది, అర్థం కానిది వ్యానులో తిరిగి వచ్చేటప్పుడు అడిగి తెలుసుకుంది. తెలుసుకున్నందుకు గర్వపడింది కూడా, పరీక్షలో రాసుకోవడానికి బాగుంటుందని. నిన్న చిత్ర చెప్పినవి రెండే. రెండే కదా అనుకుంది. రెండయితే ఫరవాలేదని ఎవరు చెప్పారమ్మా నీకు? ఎవరూ చెప్పలేదు. నువ్వే చెప్పుకున్నావు, నీకు కావలసినట్టు. ఇప్పుడు మూడోది కూడా వచ్చి కూర్చుంది, పిలవని పేరంటానికి వచ్చినట్టు. విజిలు మోగింది. అబ్బ, కదిలాడు మహానుభావుడు.

చెప్పడానికేముంది, ఫోను చేతిలోనే ఉంది, గోమతి సిస్టర్ నంబరు పైనే ఉంది, ఒక వేలు కదిపితే చాలు. ఆ వేలే కదలదు. ఎందుకు కదలదంటే, ఆరేళ్ళ సంగతి. చిత్రకు పెళ్ళయి ఆరేళ్ళు, కడుపు రెండుసార్లు నిలిచి నిలవకుండా పోయింది. ఆ ఆరేళ్ళలో వీధిలో ఎన్ని సీమంతాలు జరిగాయో, ఎన్ని చేతులకు గాజులు ఎక్కాయో, అన్నింటికీ చిత్రను పిలిచారు, పిలిచి వెనకాల కూర్చోబెట్టారు. పసుపు పుయ్యమనలేదు, గాజు తొడగమనలేదు. వంటకాడ కాస్త చూసుకోమ్మా అన్నారు, అంతే. నిన్న ఆ మాట చెప్పేటప్పుడు చిత్ర ఏడవలేదు, ఉల్లిపాయలు ఒలుస్తూ మామూలుగా చెప్పింది. "రేపు నేను ముందర కూర్చుంటా పాపా. వాళ్ళంతా లేచొచ్చి నా చేతికి వెయ్యాల." ఏడో నెలలో చెయ్యాల్సిన సీమంతం, ఎక్కడ మళ్ళీ ఏమవుతుందో అని భయపడి అత్త పంకజమ్మే తొమ్మిదో నెల దాకా తోసింది. మొగుడు పార్థిబన్ బెంగళూరులో తాపీపని, పెద్ద కట్టడం, మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడి సెలవు తెచ్చుకున్నాడు, వీధికి అడ్డంగా తన చేతులతోనే పందిరి వేశాడు. ఇప్పుడు మహతి ఫోను చేస్తే ఏమవుతుంది? వ్యాను వస్తుంది, చిత్రను పీట మీద నుంచి లేపి తీసుకుపోతుంది. ఆ పీట మీద మళ్ళీ ఎప్పుడు కూర్చుంటుంది ఆ మనిషి? వ్యాను రాకపోతేనో. రాకపోతే ఏమవుతుందో ఆలోచించకు. కిటికీలోంచి బయటికి చూడు. కోట గోడ వెనక్కి పోయింది, మాంసం కొట్లు, టైరు పంక్చరు, పాత ఇనుము, ఇంకో పాత ఇనుము. ఏం ఊరో, సగం ఊరు ఆసుపత్రికి వచ్చినవాళ్ళే, బెంగాలీ బోర్డులున్న లాడ్జీలు, భుజాన ఎక్స్‌రే కవర్లు వేలాడేసుకుని తిరిగే మనుషులు.

ఎవరయినా ఏమనుకుంటారు ఈ పిల్లను చూసి? జుట్టు ముడి వేసుకుని, పట్టులంగా ఓణీ అద్దెకు తెచ్చుకున్నట్టు కట్టుకుని, ఒళ్ళో రెండు డజన్ల గాజు గాజులున్న సంచి పెట్టుకుని, ఊరి పిల్ల అనే అనుకుంటారు. ఇంగ్లండులో లెస్టర్‌లో పుట్టింది, లెస్టర్‌లో పెరిగింది, అక్కడి కాలేజీలో రెండో ఏడు చదువుతోంది, రేపో మాపో మెడిసిన్ సీటుకు అర్జీ పెట్టుకోవాలి, ఆ అర్జీకి బలం కావాలని ఈ వేసవిలో వేలూరు ఆసుపత్రి వాళ్ళ పల్లె వైద్యం వ్యానులో సేవ చెయ్యడానికి వచ్చింది. సేవ అంటే ఏముంది, చూడటం. చేతులు వెనక పెట్టుకుని చూడాలి, ముట్టుకోకూడదు, మందు చెప్పకూడదు, చూసింది చూసినట్టు సిస్టర్‌కు చెప్పాలి. మొదటిరోజే గోమతి సిస్టర్ మూడుసార్లు చెప్పింది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు. అమ్మది గుడియాత్తమే, తాత గుణశేఖరం బజారులో బట్టలకొట్టు నడిపాడట, మహతి పుట్టక ముందే కొట్టూ పోయింది, తాతా పోయాడు. అమ్మ దగ్గర మిగిలింది ఆ ఊరి మాట ఒక్కటే. 'ఉండాది' అంటుంది, 'యాడ' అంటుంది, 'ఈ పొద్దు' అంటుంది. లెస్టర్ తెలుగు సంఘంలో ఉగాదికి మహతి నాటకంలో వేషం వేసి 'అమ్మ ఇంట్లో ఉండాది' అన్నందుకు హాలంతా ఘొల్లున నవ్వింది. విజయవాడ ఆంటీ ఒకామె బుగ్గ గిల్లి, ఎంత ముద్దుగా ఉందో ఆ భాష అంది. ముద్దట! అప్పటినుంచి మహతి బయట తెలుగు మాట్లాడటమే మానేసింది. అట్లాంటిది గుడియాత్తంలో చిత్రవాళ్ళ సందులో వ్యాను దిగి, గడపలో కూర్చున్న చిత్రను "యాడ నొస్తా ఉండాది అక్కా?" అని అడిగినప్పుడు, ఆసుపత్రివాళ్ళ నోట తమిళమే విని అలవాటైన చిత్ర కళ్ళు ఇంతింత చేసుకుని, "అయ్యో, మన పిల్ల!" అంది. మన పిల్ల! ఆ ఒక్క మాటకు మహతి కరిగి నీరైపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ మాట ఎవరన్నా అంటారేమోనని ఎదురు చూసినట్టు.

"యాడికి పోతాండావు నాయనా?" పక్కసీటు పెద్దమ్మ. ఇంతసేపూ మల్లెపూల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది, లేచింది. విరించిపురం దాటినట్టుంది. సీమంతానికి అంది మహతి. ఆమె మొహం విప్పారింది. "మంచిది, మంచిది. ఎవురికి, మీ అక్కకా?" అవునంది మహతి. అబద్ధమేం కాదు. అబద్ధమే. పెద్దమ్మ పొట్లం విప్పి మూరెడు తుంచి ఇచ్చింది, వద్దన్నా వినలేదు. "కడుపుతో ఉండే బిడ్డకు పెట్టు. పూలు తీసకపోకుండా వట్టి చేతుల్తో పోతారా ఎవురైనా? సుఖంగా కాన్పు కావాల, ఆ రంగనాథుడే చూసుకుంటాడు." పళ్ళికొండ రంగనాథుడు, పడుకునే ఉంటాడు కదా ఆయన, పడుకుని అంతా చూస్తుంటాడని అమ్మ చెప్పేది. చూడు స్వామీ, చూడు, నువ్వూ నాలాగే చేతులు కట్టుకుని చూడు. ఛ, ఏం మాటలివి.  సుఖంగా కాన్పు. సుఖంగా.

నిన్న ఇదే వేళ. గోమతి సిస్టర్ పక్కింటి ముసలాయన పుండుకు కట్టు కడుతోంది, చిత్ర మహతి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది, కొత్తచీర చూపిస్తానని. చూపించింది. చూపిస్తూ చూపిస్తూ గోడకు ఆనుకుంది, నుదురు పట్టుకుంది. ఏమైందక్కా అంటే, మూడు దినాలుగా తలనొప్పి, కళ్ళ ముందర మిణుగురులు తిరిగినట్టు ఉంటుందని చెప్పింది. చెప్పి, చెప్పినందుకు భయపడి, మహతి మణికట్టు గట్టిగా పట్టుకుంది. గోమతక్కకు తెలిస్తే ఆసుపత్రిలో పడేస్తుంది, రేపు ఒక్క దినం, రేపు సాయంత్రానికి నేనే చెప్తాను, నేనే వచ్చి పడుకుంటాను, నీ కాళ్ళు పట్టుకుంటాను పాపా. మహతి చెయ్యి లాక్కుని తన కడుపు మీద పెట్టుకుంది. "ఒట్టెయ్యి." చీర కింద కడుపు గట్టిగా, వేడిగా, బిగించిన డోలులా ఉంది. వేస్తున్నానంది మహతి. అప్పుడే లోపలినుంచి ఒక తన్ను తగిలింది, సరిగ్గా అరచేతి మధ్యలో. బిడ్డ కూడా విన్నదని చిత్ర నవ్వింది. మహతి చెయ్యి తియ్యలేదు. పుస్తకంలో ఎన్ని బొమ్మలు చూసింది, ఎన్ని పేర్లు బట్టీ పట్టింది, ఏదీ ఇట్లా తన్నలేదు.

ఆ తర్వాత గోమతి సిస్టర్ వచ్చింది. చిత్ర జబ్బకు పట్టీ చుట్టింది, బల్బు నొక్కింది, సూది చూసింది, ఇంకోసారి చూసింది. బీపీ కొంచెం ఎక్కువుంది అంది. ఆవిడకు తెలుగు వచ్చు, కానీ పని మాటలన్నీ తమిళంలోనే వస్తాయి. తల నొస్తోందా? లేదు. కళ్ళ ముందు ఏమైనా మెరుస్తోందా? లేదక్కా, బాగుండా. కాళ్ళు నొక్కి చూసింది, గుంట పడింది, కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలేనని పంకజమ్మ పక్కనుంచి సర్దింది. అయితే సరే, ఎల్లుండి మళ్ళీ వచ్చి చూస్తా, ఈలోపు తల నొస్తే మాత్రం ఊరుకోవద్దు అంది గోమతి. అడగాల్సింది అడిగింది ఆవిడ. పక్కనే నిలబడి ఉంది మహతి, జానెడు దూరంలో, చేతులు వెనక పెట్టుకుని. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఎందుకు తెరవలేదో చెప్పమంటారా? ఒట్టు అంటారు. ఒట్టు సగమే. మిగతా సగం ఇంకా ఘనమైనది. పోయిన ఏడు కాలేజీలో వైద్యనీతి మీద మహతి ఒక వ్యాసం రాసింది, రోగి నమ్మి చెప్పిన రహస్యాన్ని ప్రాణం పోయినా బయటపెట్టకూడదని. తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు. నిన్న ఆ గదిలో నిలబడి ఆ వ్యాసం గుర్తు చేసుకుంది మహాతల్లి, నేను నీతిగా ఉన్నాను అనుకుంది! ఎవరి దగ్గర దాచావే ఆ రహస్యాన్ని? ఊళ్ళోవాళ్ళ దగ్గరా? దినపత్రిక దగ్గరా? ఆ మనిషికి వైద్యం చేస్తున్న చెయ్యి దగ్గరే దాచావు. ప్రాణం పోయినా అని రాశావు కదా, ఎవరి ప్రాణం?

వేలు కదిలింది. గోమతి సిస్టర్ పేరు మీద నొక్కింది. రింగు పోతోంది, ఒకటి, ఇంకొకటి. ఏమని చెప్పాలి? సిస్టర్, చిత్రక్కకు... సిస్టర్, నిన్న నేను... ఆ 'నేను' దగ్గరే ఆగిపోయింది. గబుక్కున కట్ చేసింది. దొంగతనం చేసి గోడ దూకినట్టు. ఇంకా గుక్క తిప్పుకోలేదు, ఫోను మోగనే మోగింది. "ఏం మహతీ, మిస్డ్ కాల్ ఉండాది? ఏమైనా అవసరమా?" వెనకాల వ్యాను హారను, ఎవరో నీళ్ళు అడుగుతున్నారు. ఆవిడ గుడియాత్తం అవతల మోర్ధానా వైపు ఉన్నట్టుంది ఈ రోజు. ఏం లేదు సిస్టర్, చెయ్యి తగిలి పోయింది, అంది మహతి. ఆ అబద్ధం ఎంత బాగా, ఎంత తియ్యగా వచ్చిందో, తన నోరేనా అది! సరే, సీమంతానికి పోతున్నావు కదా, చిత్రను నేను అడిగినానని చెప్పు, ఉప్పు తగ్గించమను, అని పెట్టేసింది. ఉప్పు తగ్గించమను. మహతికి ఏడుపొచ్చింది. పెద్దమ్మ ఓరగా చూస్తోంది, చూడనీ.

వచ్చిన మూడోవారం ఆసుపత్రి వార్డులో చూసింది కదా. వాణియంబాడి వైపునుంచి ఎవరినో ఆటోలో తెచ్చారు, పచ్చి బాలింత కూడా కాదు, కడుపుతోనే ఉంది, స్ట్రెచర్ మీద విల్లులా వంగిపోయింది, పళ్ళ మధ్య నురగ, నురగలో ఎరుపు. పక్కన పరుగెత్తే మగమనిషి ఆమె గుప్పిట్లో ఇనప తాళంచెవుల గుత్తి కుక్కుతున్నాడు, ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగుతాయని వాళ్ళ నమ్మకం, గుత్తి జారి నేలమీద పడుతోంది, అతను వంగి తీసి మళ్ళీ కుక్కుతున్నాడు. మహతిని బయటికి పొమ్మన్నారు. తర్వాత ఏమైందని అడగడానికి ధైర్యం చాలలేదు, మర్నాడు ఆ మంచం మీద వేరే మనిషి ఉంది. ఆ మొహం తీసేసి చిత్ర మొహం పెట్టుకోకు. పెట్టుకోకంటే వింటుందా మనసు? పెట్టేసింది. పసుపు పూసిన బుగ్గలు, పళ్ళ మధ్య నురగ, పార్థిబన్ చేతిలో తాళంచెవులు.

నిజం చెప్పుకోవే మహతీ, ఇక్కడ వినేవాళ్ళెవరూ లేరు. ఒట్టుకు భయపడుతున్నావా, నీకు భయపడుతున్నావా? ఫోను చేస్తే గోమతి సిస్టర్ మొదటి ప్రశ్న ఏం వేస్తుంది, నీకెప్పుడు తెలుసు అని. నిన్న. ఆ ఒక్క మాటతో అయిపోయింది, మూటా ముల్లె సర్దుకో, లెస్టర్ విమానం ఎక్కు, సిఫారసు లేదు, సీటు లేదు, ఇంటర్వ్యూలో ఎదుట కూర్చున్నవాళ్ళు అడుగుతారు ఆ ఊరినుంచి మధ్యలో ఎందుకొచ్చావని. అమ్మ పదిమందికీ చెప్పుకుంది, మా ఊళ్ళోనే మావాళ్ళకే సేవ చేస్తా ఉండాదని. అదీ సంగతి. చిత్ర పరువు, చిత్ర పీట, చిత్ర ఒట్టు అని ఇంతసేపూ ఆమెను అడ్డం పెట్టుకుని ఆ చాటున దాక్కున్నది నువ్వు. సిగ్గు లేదూ? సిగ్గుంది, చాలా ఉంది, సిగ్గుండీ వేలు కదలదు. వేలు కదలకపోతే ఏం, నేనే పోతున్నాను కదా, కళ్ళారా చూసి అప్పుడు చెప్తాను, ఒకవేళ తగ్గిపోయిందేమో, ఎండకేమో, పస్తున్నందుకేమో. ఏమో, ఏమో. ఏమోల మీద ఎంత దూరం పోతావు?

పళ్ళికొండలో బస్సు ఆగింది. కండక్టరు దిగాడు, డ్రైవరు దిగాడు, సగం బస్సు దిగింది, వడలకూ టీలకూ. హైవే మీద లారీలు ఊపిరాడనివ్వకుండా పోతున్నాయి. కాసేపే అంటాడు, ఆ కాసేపు ఎంతో ఎవరికి తెలుసు. మహతి చిత్రకు ఫోను కొట్టింది. ఎత్తలేదు. మళ్ళీ కొట్టింది. ఎత్తింది పంకజమ్మ, గొంతంతా సంబరమే. "రా నాయనా, రా, అందురూ వచ్చేసినారు. చిత్రా? ఇప్పుడే ఇంత వాంతి చేసుకునింది. ఏం లేదులే, దిష్టి, అంతమంది కండ్లు పడినాయి కదా. ఉప్పూ మిరపకాయలు దిగదుడిచి మొకం కడిగి పీట మీద కూర్చోబెట్టినాము. అదేందో, దీపం ఒక్కటే పెడితే రెండెందుకు పెట్టినారని అడగతా ఉండాది, నవ్వొస్తాది దాని మాటలకు!" నవ్వింది కూడా, మంచి మనిషి, ఆరేళ్ళ తర్వాత నవ్వుతోంది. ఒక్క దీపం రెండుగా కనిపిస్తోంది. మహతి సరేనంది, పెట్టేసింది, ఆ వెంటనే గోమతి సిస్టర్‌కు నొక్కింది. ఈసారి ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మళ్ళీ ఆగిపోయేదే.

సిస్టర్, చిత్రక్కకు తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, రొమ్ము కింద నొప్పి, ఇప్పుడు వాంతి అయింది, ఒకటి రెండుగా కనిపిస్తోంది. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.  "నీకెప్పుడు చెప్పింది?" నిన్న, అంది మహతి. "నిన్న ఎప్పుడు? నేను పోకముందా, పోయినాకనా?" ముందే సిస్టర్. "నేను అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉంటివి." ఉన్నాను సిస్టర్.  ఒక తిట్టయినా వినబడితే బాగుండు, ఒక్కటి, చెంప మీద కొట్టినట్టు. రాలేదు. గోమతి గొంతు మామూలుగా, మందుబిళ్ళ ఎట్లా మింగాలో చెప్పినంత మామూలుగా వచ్చింది. "నూటా ఎనిమిది బండికి నేను చెప్తా, నేనూ వస్తా ఉండా. నువ్వు ముందు పోతే ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టనీకు. గోల లేకుండా చూడు." పెట్టేసింది.

బస్సు కదిలి హైవే వదిలింది, పాలారు వంతెన ఎక్కింది. ఏరంటే పేరుకే, ఇసుకా కంపచెట్లూ, ఎక్కడో ఒక నీటిచార. చెప్పేస్తే బరువు దిగిపోతుందంటారు, ఏదీ, దిగలేదే! ఎక్కింది. ఇంత సులువా చెప్పడం? నాలుగు మాటలు. ఈ నాలుగు మాటలు వేలూరు బస్టాండులో చెప్పి ఉంటే ఈపాటికి ఆమె ఆసుపత్రిలో ఉండేది. నిన్న చెప్పి ఉంటే, ఇంకేం, నిన్ననే. చిన్నప్పుడు ఒట్టు తప్పాల్సి వచ్చి మహతి ఏడిస్తే అమ్మ అనేది, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు నాయనా, ఏం కాదు అని. ఏ గట్టు మీద పెట్టాలమ్మా దీన్ని? కడుపు మీద వేసిన ఒట్టు, తప్పితే ఆ కడుపుకే కదా తగిలేది. నాన్‌సెన్స్, పిచ్చి, రక్తపోటుకూ ఒట్టుకూ ఏం సంబంధం, జీవశాస్త్రం చదువుతున్నావా గాడిదలు కాస్తున్నావా? అయినా అరచేతి మధ్యలో ఆ తన్ను తగిలిన చోటు ఊరికే సలుపుతోంది. బిడ్డా, నిన్ను కాదురా అన్నది, నీ మీద కాదురా వేసింది, నా మీద తగలనీ ఏమన్నా ఉంటే. పెద్దమ్మ చెయ్యి చాచి ఆమె చెంప తుడిచింది. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఈ పిల్ల బస్సులోనే బావురుమనేది.

గుడియాత్తంలో ఆటోవాడు అగ్గిపెట్టెల కంపెనీ వెనక సందు అనగానే తలూపాడు, మగ్గాల చప్పుడు, రంగునీళ్ళ కాలవ, మలుపు, ఇంకో మలుపు. సందు మొదట్లోనే నూటా ఎనిమిది బండి. లోపలికి రాలేకపోయింది, వీధికి అడ్డంగా పార్థిబన్ వేసిన పందిరి ఉంది కదా. మహతి పరుగెత్తింది, ఓణీ కాళ్ళకు అడ్డం పడుతోంది. పందిరి కింద ఆడవాళ్ళంతా నిలబడిపోయి ఉన్నారు, ఎవరి చేతుల్లో గాజులు వాళ్ళ చేతుల్లోనే. నడుమ పీట మీద చిత్ర, కొత్తచీర, పసుపు బుగ్గలు, కళ్ళు సగం మూసి ఉన్నాయి. గోమతి సిస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని ఆమె జబ్బకు పట్టీ చుట్టి సూది చూస్తోంది. చూసి పట్టీ ఊడదీసింది, వెనక్కి తిరిగి మనుషుల్ని పిలవమన్నట్టు చెయ్యి ఊపింది. బతికే ఉంది, ఫిట్స్ రాలేదు, బతికే ఉంది, అని మహతి లోలోపల అదే పాట.

"ఎవురు చెప్పింది మీకు? బిడ్డ బాగానే ఉండె కదా! ఈ టయానికి ఎవురు పంపించినారు మిమ్మల్ని?" పంకజమ్మ అరుస్తోంది, అరుపులో ఏడుపుంది. వెనకాల పార్థిబన్ తలపాగా చేతిలో పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. గోమతి సిస్టర్ సంచి సర్దుకుంటోంది, తల ఎత్తలేదు, మహతి వైపు చూడనే లేదు. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆవిడ చెప్పదు, ఎవరికీ తెలియదు. ఎల్లుండి చూస్తానన్న మనిషి ఈ రోజే వచ్చింది, అంతే. చిత్ర కళ్ళు మెల్లగా తెరుచుకుని జనం మీదుగా వెతుక్కుంటూ వచ్చి మహతి మీద ఆగాయి.

"నేనే అక్కా," అంది మహతి. "నేనే చెప్పినా."

 చిత్ర చెయ్యి నేలకు ఆనించి తనంతట తానే లేచి నడిచింది. పార్థిబన్ పట్టుకోబోతే వద్దంది, గోమతి పట్టుకోబోతే వద్దంది. స్ట్రెచరు పందిరి గుంజల మధ్య ఇరుక్కుని ఇవతలికి రావడం లేదు. అప్పటికి ఆమెకు గాజులు వేసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో, మిగతావాళ్ళంతా చేతుల్లో గాజులతో పక్కకు జరిగారు. మహతి దగ్గరికొచ్చేసరికి చిత్ర ఆగింది. మహతి చెయ్యి చాచింది.

"కొంజం వళి విడుంగ మేడమ్," అంది చిత్ర. కాస్త దారి వదలండి అని. తమిళంలో, మర్యాదగా, ముక్కూ మొహం తెలియని డాక్టరమ్మతో అన్నట్టు. మహతి పందిరి గుంజకు అతుక్కుపోయి దారి వదిలింది. చిత్ర పాదాలు వాచిపోయి ఉన్నాయి. ఆ పాదాలతోనే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, సందు మొదటి దాకా నడిచి వెళ్ళి బండెక్కింది.